34వ పిక్: జేలన్ స్మిత్ (లైన్‌బ్యాకర్, నోటర్‌డేమ్). మీరేమంటారు?

వ్యాలీరాంచ్_రాజు
29 ఏప్రిల్ 2016, సాయంత్రం 6:34 (డల్లాస్ టైమ్)

ఇప్పుడే టీవీలో చూశాను. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట, రెండో రౌండ్‌లో మన డల్లాస్ కౌబాయ్స్ 34వ పిక్‌తో (34వ వంతులో) జేలన్ స్మిత్‌ని తీసుకున్నారు. టీ చల్లారిపోయింది, ఇంకా తాగలేదు.

కుర్రాడి ఆటకి నేను వంక పెట్టడం లేదు. పోయిన సీజన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ మొత్తానికి మేటి లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే బట్కస్ అవార్డు అతనికే వచ్చింది. జనవరి 1న ఫియెస్టా బౌల్ మ్యాచ్‌లో దెబ్బ తగలకపోయి ఉంటే నిన్న మొదటి గంటలోనే అతని పేరు వినిపించేది. కానీ తగిలింది కదా! మోకాలిలో ఏసీఎల్, ఎల్‌సీఎల్ అనే లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) రెండూ తెగాయి. పైగా నరం దెబ్బతింది. ఈ సీజన్ ఆడే ఆశ లేదు. వచ్చే ఏడాదైనా ఆడతాడా అంటే గట్టిగా చెప్పే నాథుడు లేడు.

మనం పోయినేడు 4 గెలిచి 12 ఓడాం. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) రోమో కాలర్ బోన్ రెండుసార్లు విరిగింది. అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని వెంటపడి పట్టుకునే మనిషి మనకి లేడు. ఉన్న ర్యాండీ గ్రెగరీ మొదటి 4 మ్యాచ్‌లు సస్పెన్షన్. నిన్న 4వ పిక్‌తో డిఫెన్స్ ఆటగాడు జేలెన్ రామ్సీని వదిలి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎలియట్‌ని తీసుకుంటే, పోనీలే, ఇవాళ డిఫెన్స్ చూసుకుంటారు అనుకున్నాను. తీరా చూస్తే సెప్టెంబర్‌లో బూట్లు కట్టుకోలేని వాడిని తెచ్చారు.

మా అపార్ట్‌మెంట్ నుంచి టీమ్ ప్రాక్టీస్ ఫీల్డ్‌కి పది నిమిషాల నడక. రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను. ఈ ఏడాది వాళ్ళు ఫ్రిస్కోకి మారిపోతున్నారు. పోయే ముందు ఇదా చేసేది?

---

గుంటూరు_గ్రిడైరన్
29 ఏప్రిల్ 2016, సాయంత్రం 6:41

రాజన్నా, నేను మీతో ఏకీభవించను. మొదటి అయిదుగురిలో పోవాల్సిన ఆటగాడు 34లో దొరికాడు. 4వ పిక్, 34వ పిక్ రెండూ కలిపి ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు టాప్ 5 ఆటగాళ్ళు వచ్చినట్టు. ఇలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది?

ఇంకో మాట. అతని మోకాలికి ఆపరేషన్ చేసింది మన టీమ్ డాక్టరే. మిగతా జట్లు బయట నుంచి స్కాన్లు చూశాయి. మనవాళ్ళు లోపల చూశారు. ఆ ధైర్యంతోనే తీసుకున్నారు.

---

వ్యాలీరాంచ్_రాజు
29 ఏప్రిల్ 2016, సాయంత్రం 6:45

“లోపల చూశారు” అంటే భరోసా వస్తుందా తమ్ముడూ? 2010లో రెండో రౌండ్‌లో సీన్ లీ. కాలేజీలో మోకాలి వల్ల ఒక ఏడాది పోయింది. 2011లో రెండో రౌండ్‌లో బ్రూస్ కార్టర్. అదీ మోకాలే. ఇప్పుడు మూడోవాడు. లీ అంటే నాకు ప్రాణం, అతను మైదానంలో ఉన్నప్పుడు మన డిఫెన్సే వేరు. కానీ 2014 మొత్తం ఎక్కడున్నాడు? మళ్ళీ మోకాలే. లైన్‌బ్యాకర్ విషయంలో మనవాళ్ళు ఒకే గోతిలో పదేపదే పడుతున్నారు.

---

కూకట్‌పల్లి_కుర్రాడు
29 ఏప్రిల్ 2016, సాయంత్రం 6:52

అందరికీ నమస్తే. ఇక్కడ హైదరాబాద్‌లో తెల్లవారి 5:22. అలారం పెట్టుకుని లేచి చూస్తున్నాను. ఆట చూడ్డం మొదలుపెట్టి ఏడాదే అయింది, తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి. లైన్‌బ్యాకర్ అంటే సరిగ్గా ఏం చేస్తాడు? ముందు నిలబడే నలుగురూ అర్థమయ్యారు, వెనకాల క్యాచ్‌లు అడ్డుకునేవాళ్ళూ అర్థమయ్యారు. ఈ మధ్యవాళ్ళే అర్థం కావడం లేదు.

ఇంకోటి. ఐపీఎల్ వేలంలో డబ్బున్నవాడు కొంటాడు. ఇక్కడ ఎవరి వంతు ఎప్పుడో ఎలా నిర్ణయిస్తారు?

---

సౌత్‌బెండ్_శీను
29 ఏప్రిల్ 2016, సాయంత్రం 7:10

తమ్ముడూ, నేను చెప్తాను. నేను నోటర్‌డేమ్‌లోనే ఎం.ఎస్. చేశాను, జేలన్‌ని స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడి చూసినవాడిని.

నువ్వు కబడ్డీ చూసి ఉంటావు. మూలల్లో ఉండేవాళ్ళు కాలు పట్టుకుంటారు. కవర్‌లో ఉండేవాడు మాత్రం రైడర్ నడుము మీద కన్నేసి ఉంచుతాడు. చేతులు మోసం చేస్తాయి, కళ్ళు మోసం చేస్తాయి, నడుము మోసం చేయదు. ఎటు తిరుగుతుందో చూసి ఒక్క అడుగు ముందే కదలాలి. లైన్‌బ్యాకర్ ఆ కవర్ లాంటివాడు. ముందు వరుసకి నాలుగైదు గజాల వెనక నిలబడతాడు. బంతి కదిలిన సెకనులోపు తేల్చుకోవాలి, పరుగా, పాసా అని. పరుగైతే సందులోకి దూసుకెళ్ళి మీద పడాలి. పాసైతే వెనక్కి తిరిగి, తనకంటే చురుకైన వాడి వెంట పరిగెత్తాలి. ఒకే మనిషికి ఎద్దు బలం, లేడి కాళ్ళు రెండూ కావాలి.

జేలన్‌కి రెండూ ఉన్నాయి. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి బంతి పట్టుకున్నవాడు పరిగెత్తుతుంటే, వీడు మధ్యలోంచి అడ్డంగా వచ్చేవాడు. స్టాండ్స్‌లో మేము ముందే అరిచేవాళ్ళం, పట్టేస్తాడని తెలిసి.

ఫియెస్టా బౌల్ కూడా చూశాను, టీవీలో. మొదటి క్వార్టర్. ఆ ఒక్క ప్లే అప్పటికే ముగిసింది, అవతలి జట్టు ఒహాయో స్టేట్ లైన్‌మన్ ఒక తోపు తోశాడు. పాదం నేలలో దిగబడిపోయింది, మోకాలు పక్కకి వంగింది. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు అవతలి జట్టులో 4 టచ్‌డౌన్లు కొట్టింది ఎవరో తెలుసా? నిన్న మనం 4వ పిక్‌తో తెచ్చుకున్న ఎలియట్. ఒకే మ్యాచ్‌లో ఎదురెదురుగా ఆడిన ఇద్దరూ ఇప్పుడు ఒకే జట్టు.

వంతుల సంగతి. పోయినేడు ఎక్కువ ఓడిన జట్టుకి ముందు వంతు. అలా ప్రతి రౌండూ. డబ్బుతో పని లేదు, ఏ పిక్‌కి ఎంత జీతమో దాదాపు ముందే ఖరారై ఉంటుంది.

---

ఫిజియో_పద్మ
29 ఏప్రిల్ 2016, రాత్రి 8:05

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. ప్లేనోలో రిహాబ్ సెంటర్‌లో పని చేస్తాను. జేలన్ కాలిని నేను చూడలేదు, అతని రిపోర్టులూ చదవలేదు. నరం గురించి మాత్రం చెప్పగలను. ఎందుకంటే ఇక్కడ అందరూ లిగమెంట్ గురించే కొట్టుకుంటున్నారు.

లిగమెంట్ తెగితే కొత్తది వేస్తారు. ఏడాదిలో చాలామంది తిరిగి ఆడుతున్నారు. భయపడాల్సింది దానికి కాదు.

మీ మోకాలి బయటి వైపు, కాస్త కింద, వేలికి గుండ్రంగా ఒక ఎముక తగులుతుంది. చూసుకోండి. దాని మెడ చుట్టూ తిరిగి కిందికి వెళ్తుంది ఈ నరం. పాదాన్ని పైకి ఎత్తే కండరాలకి ఆజ్ఞ ఇచ్చేది ఇదే. ఇది పని చేయకపోతే పాదం వేలాడిపోతుంది. నడుస్తుంటే ముందు మడమ కాకుండా వేళ్ళు నేలకి తగులుతాయి. ఇంట్లో చెప్పులు కాలికి నిలవవు. కార్పెట్ అంచు తట్టుకుని పడిపోయిన పేషెంట్లు నాకు ఎంతోమంది.

నరం తిరిగి పెరుగుతుంది, కానీ రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. నెలకి ఒక అంగుళం అనుకోండి. దాన్ని తొందరపెట్టే మందు లేదు. నరం సాగి దెబ్బతిన్నదా, పూర్తిగా తెగిందా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. సాగినదైతే ఆశ ఉంటుంది. అది కూడా ఎంతవరకు కోలుకుంటుందో ముందే చెప్పే పరీక్ష లేదు.

బ్రేస్ (పాదాన్ని పట్టి ఉంచే పట్టీ) కడితే పాదం లేస్తుంది. నడవొచ్చు, నేరుగా పరిగెత్తొచ్చు. కానీ శీను గారు చెప్పిన ఆ “ఒక్క అడుగు ముందే” ఉంది చూశారా, పక్కకి తిరిగి తోసుకుని వెళ్ళే అడుగు, దానికి చీలమండ స్వేచ్ఛగా ఆడాలి.

రాజు గారిదీ తప్పు కాదు, గుంటూరు తమ్ముడిదీ తప్పు కాదు. ఇవాళ ఎవరికీ తెలియదు.

---

వ్యాలీరాంచ్_రాజు
29 ఏప్రిల్ 2016, రాత్రి 8:20

పద్మ గారు, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. నా బాధ ఇంకా ఎక్కువైంది. ఎవరికీ తెలియని దాని మీద 34వ పిక్ పెడతారా? నాలుగో రౌండ్‌లో పెట్టమనండి, నేనే చప్పట్లు కొడతాను.

---

గుంటూరు_గ్రిడైరన్
29 ఏప్రిల్ 2016, రాత్రి 8:26

నాలుగో రౌండ్‌ దాకా ఉంచుతారా అన్నా! ఇంకో లైన్‌బ్యాకర్ మైల్స్ జాక్ చూడండి, అతనికీ మోకాలి భయమే. జాగ్వార్స్ జట్టు ముందు వంతు కోసం పిక్‌లు మార్చుకుని మరీ 36లో ఎగరేసుకుపోయారు. అంటే మిగతావాళ్ళూ ఇదే లెక్క వేస్తున్నారు.

---

క్యాప్‌లెక్కలు
29 ఏప్రిల్ 2016, రాత్రి 9:02

జీతం కోణంలో ఒక మాట. ఈ ఏడాది ఆడకపోయినా అతని నాలుగేళ్ళ కాంట్రాక్ట్‌లో ఒక ఏడాది ఖర్చయిపోతుంది. అంటే మనకి చవక ఏళ్ళు మూడే. మొదటి రౌండ్ వాళ్ళకి ఉండే అయిదో ఏడాది ఆప్షన్ రెండో రౌండ్ వాళ్ళకి ఉండదు. బాగా ఆడితే వెంటనే పెద్ద కాంట్రాక్ట్ ఇవ్వాలి, ఆడకపోతే పిక్ పోయినట్టే. పిక్ మంచిదా చెడ్డదా అని నేను తేల్చను. లాభం వచ్చినా దాన్ని అనుభవించే కాలం తక్కువ, అది గుర్తుంచుకోండి.

ఒక చిన్న సంగతి. దెబ్బ తగిలి డ్రాఫ్ట్‌లో కిందికి జారితే నష్టం పూడ్చే ఇన్సూరెన్స్ ఆ కుర్రాడు ముందే తీసుకుని ఉన్నాడు. వాళ్ళ ఇంట్లో ఎవరో ముందుచూపు ఉన్నవాళ్ళు. వాళ్ళన్న రాడ్ స్మిత్ మన జట్టులోనే రన్నింగ్ బ్యాక్.

---

ఫిల్లీ_ఫణి
29 ఏప్రిల్ 2016, రాత్రి 9:40

మీ డివిజన్‌లోనే (ఏటా రెండుసార్లు తలపడే నాలుగు జట్ల గుంపు) ఉన్న ఫిలడెల్ఫియా ఈగిల్స్ అభిమానిని, అయినా నిజం చెప్తాను. జేలన్ స్మిత్ ఆరోగ్యంగా తిరిగొస్తే ఏడాదికి రెండుసార్లు మేము అతన్ని ఎదుర్కోవాలి. నాకైతే ఇష్టం లేదు. కుర్రాడు మాత్రం కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నా.

---

వ్యాలీరాంచ్_రాజు
30 ఏప్రిల్ 2016, సాయంత్రం 5:48

మూడో రోజు కూడా అయిపోతోంది. 135వ పిక్‌లో మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ వచ్చాడు, అతని త్రెడ్‌లో నాలుగే కామెంట్లు ఉన్నాయి. అందరూ ఇంకా ఇక్కడే కొట్టుకుంటున్నాం. ఈ త్రెడ్‌ని వదిలేయకుండా అప్పుడప్పుడు వచ్చి చూద్దాం. నా మాట తప్పయితే ఇక్కడే ఒప్పుకుంటాను.

---

కూకట్‌పల్లి_కుర్రాడు
11 సెప్టెంబర్ 2017, ఉదయం 9:48 (హైదరాబాద్ టైమ్)

పాత త్రెడ్ పైకి తెస్తున్నాను. పొద్దున ఆరింటికి లేచి జెయింట్స్ మ్యాచ్ చూశాను, 19-3తో గెలిచాం. జేలన్ స్మిత్ ఆడాడు! నిజంగా ఆడాడు! 54 నంబర్ చొక్కా వేసుకుని, ఎడమ కాలికి బ్రేస్ కట్టుకుని. అమ్మ ఉప్మా తెచ్చి పెట్టి “ఎవడికోసంరా అలా అరుస్తున్నావు” అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

---

సౌత్‌బెండ్_శీను
11 సెప్టెంబర్ 2017, రాత్రి 7:15 (డల్లాస్ టైమ్)

నేనూ చూశాను. గొంతు పట్టేసింది. కానీ నిజం దాచను, ఇది మేము నోటర్‌డేమ్‌లో చూసిన జేలన్ కాదు. ముందుకి బాగానే దూసుకొస్తున్నాడు. వెనక్కి తిరిగి టైట్ ఎండ్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) వెంట వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఒక అర అడుగు ఆలస్యం అవుతోంది.

---

ఫిజియో_పద్మ
11 సెప్టెంబర్ 2017, రాత్రి 9:30

ఆ అర అడుగు బ్రేస్ వల్లే అనుకుంటున్నా. అయినా శీను గారు, 20 నెలల్లో ఆ నరంతో ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ ఆడటం నా అనుభవంలో ఊహించనిది. ఇవాళ సెంటర్‌లో ఆ మ్యాచ్ క్లిప్ ఇద్దరు పేషెంట్లకి చూపించాను.

---

వ్యాలీరాంచ్_రాజు
12 సెప్టెంబర్ 2017, ఉదయం 8:10

ఆడాడు, సంతోషం. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పోయినేడు 13 గెలిచి 3 ఓడి టాప్‌లో ఉండి, ప్లేఆఫ్స్‌లో గ్రీన్ బే చేతిలో 34-31తో ఓడిపోయాం. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ రాజర్స్‌ని కంగారు పెట్టే ఒక్క మనిషి ఉంటే? ఆ 34వ పిక్ అప్పుడు బెంచి మీద కూర్చుని ఉంది.

---

గుంటూరు_గ్రిడైరన్
23 డిసెంబర్ 2018, రాత్రి 8:55

అందరూ ఉన్నారా? నేను ఇవాళ ఆర్లింగ్టన్ స్టేడియంలో ఉన్నాను. టాంపా బేతో మ్యాచ్. నాన్నని తీసుకెళ్ళాను. గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. నాన్న కుర్రతనంలో జిల్లా కబడ్డీ ఆడినవాడు. ఫుట్‌బాల్ అంటే “వీళ్ళు ఇంత ఆగి ఆగి ఆడతారేంట్రా” అంటాడు.

ముందే జేలన్ కథంతా చెప్పాను. మోకాలు, నరం, వేలాడిన పాదం, అన్నీ. పద్మ గారు 2016లో రాసింది ఫోన్‌లో చదివి వినిపించాను. ఈ ఏడాది బ్రేస్ కూడా తీసేశాడని చెప్పాను. నాన్న ఏమీ అనలేదు.

గ్రెగరీ వెళ్ళి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ విన్‌స్టన్ చేతిలో బంతి రాలగొట్టాడు. బంతి నేల మీద దొర్లుతోంది. ఎక్కడి నుంచి వచ్చాడో 54, వంగి అందుకుని పరిగెత్తడం మొదలుపెట్టాడు. 69 గజాలు! మా ముందు నుంచే వెళ్ళాడు. నేను అరుస్తున్నాను, పక్కన తెల్లాయన నన్ను వాటేసుకున్నాడు. తిరిగి చూస్తే నాన్న లేచి నిలబడి, చూపంతా అతని కాళ్ళ మీదే పెట్టి ఉన్నాడు. టచ్‌డౌన్ అయ్యాక కూర్చుంటూ ఒకటే అడిగాడు, “ఏ కాలురా?” ఎడమది అన్నాను. “తెలియడం లేదు” అన్నాడు.

27-20తో గెలిచాం, డివిజన్ మనది. రాజన్నా, ఎక్కడున్నారు?

---

వ్యాలీరాంచ్_రాజు
23 డిసెంబర్ 2018, రాత్రి 10:12

ఇక్కడే ఉన్నాను తమ్ముడూ. మాట ఇచ్చాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఈ ఏడాది అతను మన డిఫెన్స్‌లో అందరికన్నా బాగా ఆడుతున్నాడు. నవంబర్‌లో వరసగా 10 గెలిచి వచ్చిన సెయింట్స్‌ని 13-10తో ఆపిన రోజే ఒప్పుకోవాల్సింది. ఇంకో లైన్‌బ్యాకర్ వాండర్ ఎష్ పక్కన ఉండటం కూడా కలిసొచ్చింది. ఈ ఏడాది 19వ పిక్‌తో అతన్ని తెచ్చినప్పుడూ నేను గొణిగాను, అదీ ఒప్పుకుంటున్నా.

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

---

క్యాప్‌లెక్కలు
13 జనవరి 2019, ఉదయం 10:20

నిన్న రామ్స్ చేతిలో 30-22తో ఓడిపోయాం. మన మీద 273 గజాలు పరుగే చేశారు. ఇద్దరు లైన్‌బ్యాకర్లనీ వాళ్ళ లైన్‌మన్లు వచ్చి తోసేస్తూనే ఉన్నారు. ఇది ఒక్క జేలన్ తప్పు కాదు, ముందున్న నలుగురు అడ్డు నిలబడకపోతే ఎవరూ ఏం చేయలేరు. కానీ చర్చ 69 గజాల దగ్గర ఆగిపోతే ఎలా అని రాస్తున్నాను.

---

గుంటూరు_గ్రిడైరన్
21 ఆగస్టు 2019, మధ్యాహ్నం 12:40

వచ్చేసింది! జేలన్‌కి అయిదేళ్ళ కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్, 6 కోట్ల 40 లక్షల డాలర్లు. అందులో 3 కోట్ల 55 లక్షలు గ్యారంటీ. తను ఎంత సంపాదించుకోవాలో అంతా సంపాదించుకున్నాడు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

---

క్యాప్‌లెక్కలు
21 ఆగస్టు 2019, మధ్యాహ్నం 1:15

2016లో నేను రాసింది చూడండి. చవక ఏళ్ళు మూడే అన్నాను. వాటిలో ఒకటి బ్రేస్‌తో, ఒకటి గొప్పగా గడిచింది. మూడోది మొదలవకముందే పెద్ద కాంట్రాక్ట్ వచ్చింది. కుర్రాడికి దక్కాల్సిందే, నాకు సంతోషమే. జట్టు ఏడాది ఆగి చూసి ఉంటే బాగుండేది.

---

కూకట్‌పల్లి_కుర్రాడు
6 అక్టోబర్ 2021, ఉదయం 7:50 (డల్లాస్ టైమ్)

నేను ఇప్పుడు రిచర్డ్‌సన్‌లోనే ఉంటున్నాను, యూటీ డల్లాస్‌లో ఎం.ఎస్. పొద్దున లేవగానే వార్త. జేలన్ స్మిత్‌ని జట్టు వదిలేసింది. సీజన్ మధ్యలో! మొన్న ఆదివారమే ఆడాడు కదా.

నా మొదటి జీతంతో కొన్న 54 జెర్సీ ఉంది. ఈ ఏడాది అతను 9కి మారాడు, అయినా నేను అదే వేసుకుంటున్నాను. ఎందుకిలా జరిగింది?

---

క్యాప్‌లెక్కలు
6 అక్టోబర్ 2021, ఉదయం 8:35

రెండు కారణాలు. ఒకటి, ఏప్రిల్‌లో 12వ పిక్‌తో వచ్చిన లైన్‌బ్యాకర్ మైకా పార్సన్స్. మన డిఫెన్స్ కోచ్ డాన్ క్విన్ ఆటలో వేగం కావాలి, వెనకాల ఆడే కియాను నీల్‌ని కూడా లైన్‌బ్యాకర్‌గా మార్చాడు. జేలన్‌కి చోటు తగ్గిపోయింది. రెండు, కాంట్రాక్ట్. ఈ ఏడాది దెబ్బ తగిలితే వచ్చే ఏడాది జీతం కూడా కట్టాల్సి వచ్చేది. ఆ భయం ఉన్న జట్టు మనిషిని మైదానంలోకి పంపడానికే ఆలోచిస్తుంది.

---

గుంటూరు_గ్రిడైరన్
6 అక్టోబర్ 2021, ఉదయం 9:10

రాయడానికి చేతులు రావడం లేదు. అయినా ఈ త్రెడ్‌లో నిజమే రాస్తున్నాం కాబట్టి రాస్తాను. నిన్న రాత్రి 2016 డ్రాఫ్ట్ జాబితా మళ్ళీ తీశాను. 37వ పిక్ క్రిస్ జోన్స్, కాన్సాస్ సిటీ. మనకన్నా మూడు వంతుల తర్వాత. క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే మనిషి కావాలని రాజన్న మొదటి పోస్ట్‌లోనే అన్నాడు. అప్పుడు నేను వాదించాను. ఇవాళ అడిగితే నేను జోన్స్‌నే తీసుకుంటాను. పోయినేడు 473 పాయింట్లు ఇచ్చాం, మన జట్టు చరిత్రలోనే ఎక్కువ. ఆ సీజన్ చూశాక జేలన్ ఆట మీద నమ్మకం నాకూ సడలింది. రాజన్నా, మీరే కరెక్ట్.

---

వ్యాలీరాంచ్_రాజు
6 అక్టోబర్ 2021, మధ్యాహ్నం 12:30

కాదు తమ్ముడూ. లంచ్‌లో కూర్చుని ఈ త్రెడ్ మొదటి నుంచి చదివాను. ఇవాళ అడిగితే నేను జేలన్‌నే తీసుకుంటాను.

నా భయం ఏంటి అప్పుడు? ఆడడు అని. ఆ మోకాలు నిలవదు అని. 2017 నుంచి 2020 దాకా నాలుగు సీజన్లు, 64 మ్యాచ్‌లు. ఒక్కటి కూడా మానలేదు. సీన్ లీ మానాడు, వాండర్ ఎష్ మానాడు. మోకాలు పోయినవాడని నేను తిట్టినవాడు మాత్రం ప్రతి ఆదివారం వచ్చి నిలబడ్డాడు. ఏటా మేటి ఆటగాళ్ళని పిలిచే ప్రో బౌల్‌కి వెళ్ళాడు. రెండో రౌండ్‌లో తీసుకున్నవాళ్ళలో ఎంతమంది ఇంత ఇచ్చారు? మన జాబితానే తీసి చూసుకో.

క్రిస్ జోన్స్ మాట నిజమే. కానీ ఆ రోజు జోన్స్ కావాలని మనలో ఒక్కరం కూడా రాయలేదు. నేనూ రాయలేదు. ఇంకోటి గుర్తు చేస్తాను. ఆ 34ని ఇచ్చేసి మొదటి రౌండ్‌లోకి వెళ్ళి క్వార్టర్‌బ్యాక్ పాక్స్టన్ లించ్‌ని తెచ్చుకోవాలని మనవాళ్ళు చూశారు, డెన్వర్ ముందు ఎగరేసుకుపోయింది. అది జరిగి ఉంటే జేలనూ లేడు, బహుశా మన క్వార్టర్‌బ్యాక్ డాక్ కూడా లేడు.

చివరి రెండేళ్ళు ఆట తగ్గింది, ఒప్పుకుంటాను. వెనక్కి తిరిగే ఆ అడుగు పూర్తిగా రాలేదు. దానికి కాంట్రాక్ట్‌ని తప్పుపట్టు, కోచ్‌లని తప్పుపట్టు. పిక్‌ని నేను తప్పుపట్టను.

---

సౌత్‌బెండ్_శీను
6 అక్టోబర్ 2021, సాయంత్రం 6:05

నేను రాజన్నతోనూ లేను, గుంటూరుతోనూ లేను. నాకు ఇద్దరు జేలన్లు ఉన్నారు. ఒకడు 2016 జనవరి 1 వరకు ఆడినవాడు, అతనికి సాటి నేను కాలేజీ ఫుట్‌బాల్‌లో చూడలేదు. రెండోవాడు మీరందరూ చూసినవాడు. మీరు ఈ రెండోవాడి లెక్క వేస్తున్నారు. నేను వేయలేకపోతున్నాను.

---

ఫిజియో_పద్మ
6 అక్టోబర్ 2021, రాత్రి 9:45

పిక్ సంగతి మీరు తేల్చుకోండి. మా సెంటర్ సంగతి ఒకటి చెప్తాను.

2019 నుంచి గోడ మీద టీవీలో ఆ 69 గజాల క్లిప్ ఉంది. నరం దెబ్బతిన్నవాళ్ళకి మేము మొదట చేయించే పని చాలా చిన్నది. కుర్చీలో కూర్చుని, మడమ నేల మీదే ఉంచి, బొటనవేలు పైకి ఎత్తమంటాం. నెలల తరబడి ఏమీ కదలదు. చెమటలు పడతాయి, కొందరు ఏడుస్తారు. ఈ మధ్య ఒకాయన, మోకాలికి దెబ్బ తగిలి వచ్చినవాడు, ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియదు, రోజూ ఆ క్లిప్ పెట్టమంటాడు. ఇవాళ వార్త వచ్చింది కదా, మా రిసెప్షన్‌లో అమ్మాయి క్లిప్ తీసేయాలా అని అడిగింది.

వద్దన్నాను. సాయంత్రం నాలుగింటికి ఆయన వచ్చాడు. పెట్టాం. బొటనవేలు కొంచెం కదిలింది, ఒక గింజ ఎత్తు ఉంటుందేమో.

---

కూకట్‌పల్లి_కుర్రాడు
6 అక్టోబర్ 2021, రాత్రి 10:20

పద్మ గారు, ఆదివారం జెయింట్స్‌తో మ్యాచ్‌కి నాకు టికెట్ దొరికింది. 54 వేసుకునే వెళ్తున్నాను. ఆయనకి చూపిస్తానంటే స్టేడియం నుంచి ఫోటో పంపిస్తాను.